చెంగల్రాయన్ మోకాళ్ళు

పాలవాడి సైకిలు గంట వినబడకముందే వేదవల్లి లేచి, మొహం కడుక్కుని, వంటింట్లోంచి ఉప్పు జాడీ తెచ్చుకుంటుంది. పిడికెడు రాళ్ళుప్పు తీసి ముందుగది మూల గచ్చు మీద, ముగ్గు పెట్టేదానిలాగా జాగ్రత్తగా చల్లుతుంది. చీర మోకాళ్ళ పైకి ఎగదీసుకుని, ఆ ఉప్పు మీద మోకరిస్తుంది.

"ప్రభువా, చెంగల్రాయన్‌ని చూడు" అని మొదలుపెడుతుంది. "వాడి కాళ్ళు చూడు. వాడి ఎముకలు చూడు. నా బిడ్డని నరికించినోడు ఇంకా ఎట్టా నిలబడుకోనుండాడో చూడు."

సరిగ్గా అప్పుడే, ఊరికి ఆ పక్క మేడింట్లో ఎమ్మెల్యే చెంగల్రాయన్ మంచం మీద లేచి కూర్చుని, రెండు మోకాళ్ళూ పట్టుకుని కేకపెడతాడు. పెళ్ళాం నూనె గిన్నె తెస్తుంది. నూనెతో పోయే నొప్పి కాదని ఆమెకీ తెలుసు. అయినా ఇల్లాలు కదా, రుద్దుతుంది.

ముదలియార్‌పేటలో అందరూ జెపవీడు అని పిలిచే ప్రార్థన మందిరం ఒకటుంది. రేకుల కప్పు, సున్నం గోడలు. అక్కడివాళ్ళు ఎవరి కోసం మోకరిస్తే వాళ్ళ మోకాళ్ళకి ఆ నొప్పి పోయి తగులుతుంది. ఇది ఎప్పటి నుంచో ఉన్నదే. ఊళ్ళో డాక్టర్లు మోకాళ్ళ నొప్పి అని వచ్చినవాళ్ళకి మాత్ర రాసే ముందు, "మీ కోసం ఎవరన్నా ప్రార్థన చేస్తా ఉండారా?" అని అడిగి తెలుసుకుంటారు. చేస్తున్నారంటే మాత్ర రాయరు.

వేదవల్లి పుట్టింది, మెట్టింది నాయుళ్ళ ఇంట్లోనే. చిన్నకొడుకు కడుపులో ఉన్నప్పుడు కామెర్లొచ్చి, కళ్ళు పచ్చబడి, చాప మీద పడి ఉండింది. అప్పుడు ఒక తెల్లవారుజామున రెండు మోకాళ్ళూ సన్నగా నొప్పి పెట్టినాయి. పడుకున్న మనిషికి మోకాళ్ళ నొప్పి ఎందుకొస్తుంది? ఎవరో తన కోసం మోకరిస్తున్నారని అర్థమైంది. ఎవరా అని ఆరా తీస్తే వెనకవీధి జయమ్మాళ్. చుట్టమా? కాదు. ఒక్కసారి బోరింగు దగ్గర బిందె ఎత్తి నెత్తిన పెట్టిందంతే. కాన్పయి లేచి తిరగగలిగినాక వేదవల్లి బిడ్డని ఎత్తుకుని ఆమెని చూడడానికి జెపవీడుకి పోయింది. పోయింది పోయినట్టే అక్కడ కూర్చుండిపోయింది. పాటలు అరవంలో, ప్రసంగం అరవంలో. కళ్ళు మూసుకుంటే మాత్రం వేదవల్లికి తెలుగే వచ్చేది.

ఈ నొప్పిలో ఇంకొక సంగతి ఉంది. అది జయమ్మాళ్ చెప్పగా విన్నదే. నోటితో చేసే ప్రార్థనకి నొప్పి సగం వాళ్ళకి, సగం మనకి. మనసారా చేస్తే మన దగ్గర ఏమీ మిగలదు, అంతా అవతలికి పోతుంది. అప్పుడు అవతలి మనిషి ఎక్కడుంటే అక్కడ మోకాళ్ళు మడిచేస్తాడు. వెనకటికి ఒక మంత్రి జెండా ఎగరేయబోతూ, చేతిలో తాడు చేతిలోనే ఉండగా మోకాళ్ళ మీద కూలబడినాడు. బ్యాండు ఆగిపోయింది. పోలీసులు ఎక్కడివాళ్ళక్కడ నిలబడిపోయినారు. ఆ పక్కవీధిలో జయమ్మాళ్ ప్రార్థన ముగించి, కొంగు దులుపుకుని లేచే దాకా ఎవ్వరూ అడుగు కదపలేదు. మోకాళ్ళు మడిచిన మనిషిని తాకకూడదు, పిలవకూడదు. అది ఈ ఊరి మర్యాద. రౌడీలు కూడా తప్పరు.

వేదవల్లి పెద్దకొడుకు, అందరూ ఉదయన్ అని పిలిచే ఉదయకుమార్‌కి బస్‌స్టాపు దగ్గర బండ్లు బాగుచేసే షాపు ఉండేది. కాలువ గట్టు మీద గుడిసెలు తీసేసి అక్కడ అంగళ్ళు కట్టించాలని చెంగల్రాయన్ జేసీబీ పంపించిన పొద్దు, "లోపల ముసలోడుండాడు, ఆపండ్రా" అని అరిచింది ఉదయనే. బండి ఆగలేదు. మట్టిగోడ కింద ముసలాయన చెయ్యొకటి బయటికి కనబడింది. ఉదయన్ తిన్నగా స్టేషన్‌కి పోయి, చూసింది చూసినట్టు చెప్పి, చెంగల్రాయన్ పేరు కూడా చెప్పి వచ్చినాడు. "ఎందుకురా మనకి?" అని వేదవల్లి అంటే, "ఇంకెవురికమ్మా?" అన్నాడు.

ఆ వారంలోనే, మిట్టమధ్యాన్నం, వేదవల్లి అన్నం క్యారియరు పట్టుకుని షాపు దగ్గరికి వస్తూ ఉంది. ముందు నాటుబాంబు పడింది. చెవులు మూసుకుపోయినాయి. పొగలోంచి కత్తులు లేచినాయి, దిగినాయి, మళ్ళీ లేచినాయి. శబ్దం లేదు, చేపల అంగట్లో పెద్ద చేపని కొట్టేటప్పుడు దూరం నుంచి చూస్తే ఎట్టా ఉంటుందో అట్టా. పొగ తేలిపోయేసరికి ఉదయన్ మెడ ఉండాల్సిన చోట మెడ లేదు. చేతిలో స్పానరు మాత్రం విడవలేదు. ఆమె ఆ రక్తంలో కూర్చుని బిడ్డ తల ఒళ్ళో పెట్టుకుంటే, దాంతో పాటు మొండెం రాలేదు.

కోర్టులో లొంగిపోయినవాళ్ళు ఎవరో ముక్కూ మొహం తెలియని కుర్రాళ్ళు. చెంగల్రాయన్ పేరు ఏ కాయితంలోనూ లేదు. ఆయన మనిషంత ఎత్తు పూలమాల పంపించినాడు. వేదవల్లి దాన్ని తీసుకుపోయి మురికికాలువలో పారేసి వచ్చింది.

జెపవీట్లో ప్రతి ఏడాదీ మొదటి ఆదివారం కుండలో చీటీలు వేస్తారు. ఏలేవాళ్ళ పేర్లు, అధికారంలో ఉన్నవాళ్ళ పేర్లు. ఎవరికి ఎవరి పేరొస్తే ఏడాది పొడుగునా వాళ్ళ కోసం రోజూ మోకరించాలి. ఆ ఏడు వేదవల్లి చెయ్యి పెట్టి తీసిన చీటీని పాస్టర్ యోగానంద్ విప్పి చూసి, నోరు తెరిచి మళ్ళీ మూసేసినాడు.

"ఇది వేరేవాళ్ళకి ఇస్తానమ్మా" అన్నాడు మెల్లగా. "నీకు ఇంకోటి తీస్తా. ట్రాఫిక్ ఇన్‌స్పెక్టర్ ఉండాడు. మంచి మనిషి."

"ఎవురి పేరయ్యా?"

ఆయన చెప్పలేదు. వెనక నుంచి ఎవరో చెప్పేసినారు. వేదవల్లి చెయ్యి చాపి చీటీ లాక్కుని గుప్పిట మూసుకుంది.

"నాకొచ్చింది, నాదే."

"బైబిల్లో ఏలేవాళ్ళ కోసం ప్రార్థించమన్నప్పుడు మనకి నచ్చినోళ్ళ కోసమే అని చెప్పలేదు, నిజమే. అయినా నీకు ఇంత బరువు..."

"బరువేంది అయ్యా. వాడి మోకాళ్ళు నా చేతికి చిక్కినాయి" అంది వేదవల్లి.

అట్టా మొదలైంది ఉప్పు. మొదట జయమ్మాళే చూసింది.

"ఏందే వేదా ఇది? నేల మీద ఊరగాయ పెడతా ఉండావా?"

"వాడి మోకాళ్ళు ఊరేస్తా ఉండా అక్కా."

"మరి నీవో?"

"నావి పోతే పోనీ."

జయమ్మాళ్ వంగి ఆమె మోకాళ్ళు చూసింది. తోలు లేచిపోయి, పచ్చిగా, మధ్యలో ఉప్పు గల్లులు గుచ్చుకుని ఉన్నాయి. "సగం నొప్పి ఇంకా నీ దగ్గరే ఉండాదే పిచ్చిదానా" అని వెళ్ళిపోయింది.

చిన్నకొడుకు రాజ్‌మోహన్ ఇదంతా చూస్తూ ఉండేవాడు. అతనికి నెల్లితోపు మార్కెట్ మలుపులో కొబ్బరి బోండాల బండి ఉంది. జెపవీడుకి రాడు. "అమ్మా, నువ్వు మోకాళ్ళు పట్టుకున్యావు. మెడ ఎవురు పట్టుకోవాల?" అని ఒకరోజు అడిగినాడు. వేదవల్లి నవ్వుతాడేమో అని మొహం చూసింది. నవ్వలేదు.

ఎన్నికలు దగ్గరపడినాయి. ఒక పొద్దున వీధి మొదట్లో కార్లు ఆగినాయి. ముందు తమిళ్‌సెల్వన్ వచ్చినాడు. చెంగల్రాయన్ పక్కన ఎప్పుడూ ఉండే మనిషి, చొక్కా లోపల నడుము దగ్గర ఎప్పుడూ ఒక ఎత్తు. వాడు వాకిట్లో కూర్చున్న వేదవల్లి ఎదురుగా కుర్చీ వేసినాడు. వెనకాలే చెంగల్రాయన్, గోడ పట్టుకుని, కుంటుకుంటూ.

"తలైవర్ వచ్చినారు, లెయ్యి పెద్దమ్మా" అన్నాడు తమిళ్‌సెల్వన్.

"లెయ్యలేను. ఎందుకో మీ తలైవర్ని అడుగు."

చెంగల్రాయన్ కుర్చీలో కూర్చున్నాడు. ఒకప్పుడు ఇదే వీధివాడు, ఇంట్లో తెలుగే. ఆయన పంచె మోకాళ్ళ పైకి తీసినాడు. వాకిట్లో ఉన్నవాళ్ళంతా చూసినారు. తోలు లేచిపోయి, పచ్చిగా, ఉప్పు గల్లులు దిగినట్టు సొట్టలు. వేదవల్లి తన మోకాళ్ళనే ఇంకొకరి ఒంటి మీద చూసినట్టయింది.

"అక్కా, తలగడ పెట్టుకోరాదా?" అన్నాడు. "ప్రచారంలో తిరగాల. మెట్లెక్కలేకపోతా ఉండా."

"నా బిడ్డ ఎక్కతా ఉండాడా మెట్లు?"

"ఆ సంగతి నాకేం తెలుసక్కా. కోర్టు చూసుకుంటాది." అని, ఎడమ మోకాలి కింద ఒక పాత మచ్చ మీద వేలు పెట్టినాడు. "ఇది గుర్తుండాదా? మీ జామచెట్టెక్కి పడినా. కొత్తకోడలివి నువ్వు. పరిగెత్తుకోనొచ్చి పసుపు అద్దినావు."

"లేదు" అంది వేదవల్లి. గుర్తుంది.

తమిళ్‌సెల్వన్ గొంతు సవరించుకున్నాడు. "విషయానికొస్తే పెద్దమ్మా, బుధవారం నెల్లితోపులో మా పాదయాత్ర. రాజ్‌మోహన్ బండి దగ్గర తలైవర్ ఆగి బోండాం తాగతారు. ఫోటో తీస్తారు. రెండు కుటుంబాలకీ పగ లేదని జనానికి తెలియాల. మీకే మంచిది. ఇంకొక కొడుకుండాడు కదా మీకు."

ఆ చివరి మాట వాకిట్లో కత్తిలా పడింది. కోడలు లోకేశ్వరి, ఉదయన్ పెళ్ళాం, వంటింటి గుమ్మంలో గరిటె పట్టుకుని కొయ్యబారింది. రాజ్‌మోహన్ లోపలి నుంచి వచ్చినాడు. తువ్వాలుతో చేతులు తుడుచుకుంటూ, మెత్తగా అన్నాడు.

"రండి సార్. లేతది, తియ్యనిది నా చేత్తో కొట్టి ఇస్తా."

చెంగల్రాయన్ ముఖం వికసించింది. ఆ మెత్తటి గొంతు వేదవల్లికి తెలుసు. చిన్నప్పుడు కోళ్ళగూట్లో పాము దూరితే, రాయి వీపు వెనక దాచుకుని దాన్ని ఇదే గొంతుతో పిలిచినాడు.

ఆ రోజు నుంచి పెరట్లో సానరాయి మీద బోండాం కత్తి శబ్దం. బండి దగ్గరికి పోయే ముందు, వచ్చినాక. బోండాలకి అంత పదును అక్కర్లేదు. లోకేశ్వరి నీళ్ళు పోస్తూ ఉంది రాతి మీద.

బుధవారం పొద్దున రాజ్‌మోహన్ తలంటుకుని, అన్న చొక్కా వేసుకుని బయల్దేరినాడు. వేదవల్లి గోడ పట్టుకుని లేచి గుమ్మానికి అడ్డం నిలబడింది.

"ఆ కత్తి ఇయ్యిరా."

"బోండాం పండ్లతో కొట్టేదా అమ్మా?"

"ఈ పొద్దు బండి పెట్టొద్దు. నాకు తెలీదనుకుంటా ఉండావా?"

"తెలిస్తే తెలియనీ. నువ్వు రోజూ చేసేదేంది? అదే నేను ఒక్కసారికి చేస్తా."

ఆమె కత్తి పట్టుకుంది. పిడి అనుకుంది, అలుగు దొరికింది. అతను లాగినాడు. అరచేయి అడ్డంగా తెరుచుకుంది. ఒక క్షణం తెల్లగా ఉండి, తర్వాత రక్తం ధారగా మోచేతి దాకా దిగింది. రాజ్‌మోహన్ "అమ్మా!" అని కేకపెట్టి, తువ్వాలు చింపి కట్టు కట్టినాడు. కడుతున్నంతసేపూ ఏడ్చినాడు. కట్టినాక అదే రక్తం కత్తి మీద నుంచి తుడుచుకుని, ఆమెని పక్కకి తోసి, బండి తోసుకుంటూ వెళ్ళిపోయినాడు.

"లోకేశ్వరీ, పరిగెత్తమ్మా! వాణ్ణి పట్టుకో!"

లోకేశ్వరి కదలలేదు. గోడకి ఆనుకుని, కాళ్ళు చాపుకుని కూర్చుంది. "ఎందుకు పట్టుకోవాల అత్తా?" అంది. "ఆయన్ని నరికేటప్పుడు ఎవురన్నా పట్టుకున్యారా? నేను నీళ్ళు పోసి సానపెట్టించిన కత్తి అది."

ఫోను చేస్తే ఆఫ్ అని వచ్చింది. పోలీసులకి చెబితే? వాళ్ళకంటే ముందు తమిళ్‌సెల్వన్‌కి తెలుస్తుంది, వాడి నడుము దగ్గరిది బయటికొస్తుంది. తనే పోవాలి. వేదవల్లి గుమ్మం దాటింది, మెట్టు దిగింది. రెండో అడుగుకి మోకాళ్ళు ఆమెని నేల మీదికి విసిరేసినాయి. ఇన్ని నెలల ఉప్పు తన కాళ్ళనే తినేసింది. నెల్లితోపు చంద్రమండలమంత దూరమైంది. ఆమె చేతుల మీద పాక్కుంటూ మళ్ళీ లోపలికి, తన మూలకి వచ్చింది.

అక్కడ పొద్దుటి ఉప్పు ఇంకా ఉంది. కొంచెంసేపు దాని వైపు చూసింది. తర్వాత కట్టు కట్టిన చేత్తోనే దాన్ని తుడిచేసింది. గాయంలోకి ఉప్పు దిగి, కళ్ళల్లో మెరుపులు మెరిసినాయి. గచ్చు శుభ్రమయ్యే దాకా తుడిచింది. మోకరించింది.

"ప్రభువా, నా కొడుకుని కాపాడు" అంది. మోకాళ్ళు మండుతూనే ఉన్నాయి. అది తన కొడుకు కోసం చేసిన ప్రార్థన. మోకాళ్ళు ఆ ఏడాది వేరేవాడికి రాసిచ్చినవి.

"ప్రభువా, చెంగల్రాయన్‌ని..." అని ఆగిపోయింది. తర్వాతి మాట లేదు. నోట్లోకి వచ్చేవన్నీ రోజూ వచ్చేవే. వీధిలో ఎక్కడో మైకు మోగింది. పాదయాత్ర బయల్దేరింది.

కళ్ళు మూసుకుంటే ఆయన ముఖం వస్తుంది, అసహ్యం పుడుతుంది. ముఖాన్ని పక్కన పెట్టింది. మోకాళ్ళు తలుచుకుంది. వాటిని చూడగలదు. తనవే కదా. వాకిట్లో పంచె ఎత్తి చూపిన ఆ మోకాళ్ళు, ఉప్పు సొట్టలు, ఎడమ మోకాలి కింద మచ్చ. జామచెట్టు కింద ఏడుస్తున్న పిల్లోడి కాలు, దాని మీద తన వేళ్ళ పసుపు.

"ఈ మోకాళ్ళని కాపాడు" అంది.

అక్కడి నుంచి మెల్లగా పైకి వచ్చింది. పిల్లలకి నలుగు పెట్టేటప్పుడు కాళ్ళ నుంచి మొదలుపెట్టినట్టు. ఆ తొడలని కాపాడు. ఆకలేసే ఆ కడుపుని కాపాడు. చేతుల దగ్గరికొచ్చేసరికి ఆగిపోయింది. ఆ చెయ్యి ఊపితేనే కత్తులు లేచినాయి. దాన్ని దాటుకుని పోదామనుకుంది, కుదరలేదు. ఒంట్లో చేతులు వదిలేసి నలుగు ఎట్టా పెడతారు?

"ఈ చేతులు నేను కడగలేను" అంది. "నా వల్ల కాదు. నువ్వే కడుగు." కన్నీళ్ళు గచ్చు మీద టపటపా పడినాయి.

తర్వాత మెడ.

మెడ తలుచుకోగానే ఉదయన్ మెడ వచ్చింది. పొగ, కత్తులు, శబ్దం లేకుండా. ఆమె రెండు మెడల్నీ వేరు చేసి చూడాలనుకుంది. చేతకాలేదు. ఏది ఎవరిదో తెలియలేదు. తెరిచిన తోలు తెరిచిన తోలే, ఎవరిదైనా.

"ఈ మెడ మీద కత్తి పడకూడదు" అంది వేదవల్లి. "నా కొడుకు కోసం కాదు. ఈ మెడ కోసమే అడగతా ఉండా. వాణ్ణి బతకనియ్యి తండ్రీ."

అప్పుడు మోకాళ్ళల్లో మంట, పగిలిన కుండలోంచి నీళ్ళు పోయినట్టు మొత్తం జారిపోయింది. ఏమీ మిగల్లేదు. దూది మీద మోకరించినట్టుంది.

నెల్లితోపు మలుపులో అదే సమయానికి జరిగింది ఊరంతా చూసింది. డప్పులు, టపాసులు, ఫోన్లు పైకెత్తిన జనం. చెంగల్రాయన్ బండి ముందు నిలబడి, దండలోంచి మెడ బయటికి లాక్కుని నవ్వుతున్నాడు. రాజ్‌మోహన్ ఒక బోండాం అరచేతిలో పెట్టుకుని పైన ఒక దెబ్బ కొట్టినాడు. తిప్పి ఇంకొక దెబ్బ. నీళ్ళు చిమ్మి ఎమ్మెల్యే చొక్కా మీద పడితే జనం నవ్వినారు. ఆ నవ్వులోనే కత్తి ఇంకా పైకి లేచి, పక్కకి తిరిగి, మెడ మీదికి వచ్చింది.

చెంగల్రాయన్ మోకాళ్ళు మడిచినాడు.

ఎవరో వెనక నుంచి మడతపెట్టినట్టు, నిలువునా కిందికి దిగిపోయినాడు. కత్తి ఆయన తల మీద నుంచి దండలో రెండు పూలు కోసుకుంటూ పోయి, బండి గొడుగు కర్రలో సగం దాకా దిగింది. తమిళ్‌సెల్వన్ నడుము దగ్గరిది బయటికి లాగినాడు. లాగి, అడుగు ముందుకు వెయ్యబోయి, ఆగిపోయినాడు. మోకాళ్ళు మడిచిన మనిషి. డప్పులు ఆగినాయి. పోలీసులు ఆగినారు. ఎత్తిన ఫోన్లు ఒకటొకటిగా దిగినాయి. అంగళ్ళవాళ్ళు తక్కెళ్ళు వదిలేసి నిలబడినారు.

రాజ్‌మోహన్‌కి అడ్డం ఎవరూ లేరు. కాలు తన్నిపెట్టి కర్రలోంచి కత్తి ఊడబెరికినాడు. కిందికి చూసినాడు. మెడ సరిగ్గా చేతికింద ఉంది, వంగి, తెల్లటి వెంట్రుకలతో.

కానీ ఆ మోకరించిన తీరు! కుడి భుజం కొంచెం దిగి, తల ఎడమకి వాలి, రెండు చేతులూ పొట్ట మీద ఒకదాంట్లో ఒకటి. పుట్టినప్పటి నుంచి ప్రతి తెల్లవారీ రాజ్‌మోహన్ ఆ వీపుని చూస్తూనే నిద్రలేచినాడు. ఎమ్మెల్యే ఒంట్లో తన తల్లి మోకరించి ఉంది.

ఎత్తిన కత్తి ఎత్తినట్టే ఉండిపోయింది.

"అబ్బాయ్" అన్నాడు చెంగల్రాయన్ తెలుగులో, తల ఎత్తకుండానే. "మీ అమ్మ నన్ను లెయ్యనియ్యడం లేదురా."

"లెయ్యనియ్యదు" అన్నాడు రాజ్‌మోహన్. "మా అన్నని నరకమన్నదెవురు?"

ఎండ ఆయన వీపు మీద కాస్తూ ఉంది. మోకాళ్ళ దగ్గర పంచె ఎర్రగా తడిసింది.

"నేనే" అన్నాడు చెంగల్రాయన్.

పెద్దగా అనలేదు. కానీ ఆ మలుపంతా నిశ్శబ్దంగా ఉంది కదా, పూలమ్మే ఆమెకి కూడా వినబడింది. తమిళ్‌సెల్వన్ కళ్ళు నేలకి దించుకున్నాడు. రాజ్‌మోహన్ ఇంకా కాసేపు కత్తి పట్టుకుని నిలబడి, తర్వాత దాన్ని బోండాల మధ్యలో పడేసి, బండి అక్కడే వదిలేసి, జనంలోంచి నడుచుకుంటూ ఇంటికి బయల్దేరినాడు. ఎవరూ ఆపలేదు. మోకరించిన మనిషి ఇంకా లేవలేదు మరి.

ఇంట్లో వేదవల్లి కళ్ళు తెరవలేదు. గుమ్మంలో అడుగులు వినబడినాయి. లోకేశ్వరి చప్పున లేచి నిలబడిన గాజుల శబ్దం వినబడింది.

"అమ్మా" అన్నాడు రాజ్‌మోహన్.

"చేతులు ఇట్టా పెట్టు."

అతను ఆమె ముందు కూర్చుని రెండు చేతులూ పెట్టినాడు. ఆమె కళ్ళు మూసుకునే వాటిని తడిమింది. జిగురు. ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూసింది. బోండాం నీళ్ళు. ఉత్త బోండాం నీళ్ళు, తియ్యగా. ఆ రెండు అరచేతుల్లోనూ మొహం దాచుకుంది.

"నేనే అన్యాడమ్మా" అన్నాడు కొడుకు. "అందరూ విన్యారు. ఇంక లెయ్యి. పాపం, ఎండలో ఉండాడు."

ఆ "పాపం" అన్న మాట విని లోకేశ్వరి అతని వైపు చూసింది.

రాజ్‌మోహన్ భుజం పట్టుకుని వేదవల్లి లేచింది. అక్కడ నెల్లితోపులో, ఎవరి భుజమూ పట్టుకోకుండా చెంగల్రాయన్ కూడా లేచినాడు. తమిళ్‌సెల్వన్ కారు తలుపు తీసి పట్టుకున్నాడు. ఆయన ఎక్కలేదు. దండ తీసి బండి మీద పెట్టి, కుంటుకుంటూ, స్టేషన్ ఉన్న వైపు రోడ్డు పట్టుకున్నాడు. రేపు లాయర్లు వచ్చి ఆ మాటని ఏం చేస్తారో ఎవరికి తెలుసు. ఆ పొద్దు మాత్రం ఆయన స్టేషన్‌లో కూడా అదే మాట చెప్పినాడని సాయంత్రానికి ముదలియార్‌పేట దాకా తెలిసింది. పోలీసులు రాజ్‌మోహన్ కోసం రాలేదు. కత్తి ఎవరికీ తగల్లేదు, పోయింది రెండు పూలే.

సాయంత్రం జయమ్మాళ్ వచ్చి గడపలో కూర్చుంది. "పాస్టర్ అయ్యా అడగమన్యారే. చీటీ మార్చుకుంటావా?"

"ఏడాది ఇంకా కాలేదు కదక్కా" అంది వేదవల్లి.

మర్నాడు, పాలవాడి సైకిలు గంట వినబడకముందే, వేదవల్లికి మెలకువ వచ్చింది. ఇంకా లేవలేదు, చాప మీదే ఉంది. రెండు మోకాళ్ళూ సన్నగా నొప్పి పెడుతున్నాయి. పాత నొప్పి కాదు. ఉప్పు మంట కాదు. ఎప్పుడో, చిన్నవాడు కడుపులో ఉన్నప్పుడు, కళ్ళు పచ్చబడి పడుకున్న తెల్లవారుజామున వచ్చిన నొప్పి లాంటిది.

తల తిప్పి చూసింది. తన మూలలో, తుడిచిన గచ్చు మీద, లోకేశ్వరి మోకరించి ఉంది. ఎప్పుడూ మోకరించిన మనిషి కాదు, ఎట్టా కూర్చోవాలో తెలియక ఒక పక్కకి ఒరిగిపోతూ ఉంది. పక్కనే ఉప్పు జాడీ మూత పెట్టి ఉంది.

వేదవల్లి లేవలేదు, పిలవలేదు. మోకాళ్ళ మీద చేతులు పెట్టుకుని, కోడలు ముగించే దాకా, ఆ నొప్పిని పట్టుకుని పడుకుంది.